ముఖం కోసం వెతికిన కుంచె: ఎం.ఎఫ్. హుసేన్ చిత్రాలు, చలనచిత్రాలు, మన బాధ్యత

(ముస్లిం యువజనుల సాంస్కృతిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకోవడానికి మనం కూడినప్పుడల్లా రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, విద్యార్థుల ఉపకార వేతనాలు, విచారణ లేకుండా జైళ్లలో మగ్గుతున్న యువకులు మన చర్చకు వస్తారు. రావలసిందే. నేడు నిర్వాహకులు మాకు అప్పగించిన విషయం వేరు. ఒక చిత్రకారుని గురించి, ఆయన తీసిన సినిమాల గురించి మాట్లాడమన్నారు. కడుపు నిండని సమాజానికి బొమ్మల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట ఆ సందేహం కలిగింది. అయితే మఖ్బూల్ ఫిదా హుసేన్ జీవితాన్ని మరొకసారి పరిశీలించిన తర్వాత, మన హక్కుల ఉద్యమం తనను తాను వేసుకోవలసిన ఒక కష్టమైన ప్రశ్న ఆ జీవితంలో ఉందని తోచింది. ఆ ప్రశ్న దగ్గరికి చేరాలంటే ముందు ఆయన పనిని తెలుసుకోవాలి. మన పిల్లలకు హుసేన్ చుట్టూ రేగిన వివాదాలు తెలుసు. ఆయన ఏమి గీశారో, ఏమి తీశారో తెలియదు.

హుసేన్ 1915 సెప్టెంబరు 17న పండరీపురంలో జన్మించారు. విఠోబా కొలువైన ఊరు, లక్షలాది వార్కరీలు కాలినడకన చేరుకునే యాత్రాస్థలం. ఆ ఊరిలో ఒక సామాన్య సులేమానీ బోహ్రా కుటుంబం వారిది. తల్లి జైనబ్. బిడ్డకు రెండేళ్లయినా నిండకముందే ఆమె కన్నుమూశారు. ఆమె ఫొటో ఒక్కటి కూడా మిగలలేదు. తల్లి ముఖం ఎలా ఉండేదో కుమారునికి జీవితాంతం తెలియలేదు.

ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకోవలసిందిగా మనవి. హుసేన్ చిత్రాల్లో స్త్రీలు వందలాదిగా కనిపిస్తారు. వారిలో చాలామందికి కళ్లు, ముక్కు, నోరు ఉండవు. చీరకట్టు ఉంటుంది, నడక ఉంటుంది, చేతులు ఉంటాయి. ముఖం ఉండవలసిన చోటు ఖాళీగా ఉంటుంది. మదర్ థెరీసా పేరిట గీసిన చిత్రమాలికలో నీలి అంచు తెల్లచీర, ఒడిలో పసిబిడ్డ, చీర ముసుగు లోపల చీకటి మాత్రమే. విమర్శకులు దీనిని శైలి అన్నారు. ఆయన మాత్రం తన తల్లినే వెతుకుతున్నానని పలు సందర్భాల్లో చెప్పుకున్నారు. మన ఇళ్లలోనూ ఈ ఖాళీ ఉన్నది. దాదీ, నానీల ఫొటోలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? ఒక తరం స్త్రీలు మన కుటుంబాల్లో ముఖం మిగల్చకుండానే వెళ్లిపోయారు. వారి చేతి వంట గుర్తుంది, వారి దువా గుర్తుంది, రూపం గుర్తులేదు.

తల్లి పోయిన తర్వాత బాల్యం ఇందోరులో తాతగారి నీడన గడిచింది. తాత చేతి గొడుగు, తాత వెలిగించే లాంతరు ఆ పిల్లవాని కళ్లలో నిలిచిపోయాయి. అరవై, డెబ్భై సంవత్సరాల తర్వాత కూడా ఆయన కాన్వాసుపై గొడుగు, లాంతరు మళ్లీ మళ్లీ వచ్చాయి. 1956 నాటి 'సాలెపురుగు, దీపం మధ్య' అనే ప్రసిద్ధ చిత్రంలోనూ దీపమున్నది. తాత లేడు, ఆయన వస్తువులున్నాయి. తల్లి లేదు, ఆమె కట్టిన మరాఠీ తీరు చీర ఉన్నది. పోయినవారిని వారి వస్తువుల ద్వారా నిలుపుకోవడం హుసేన్ కళలో మొదటి సూత్రమని మా అభిప్రాయం.

మూడవది గుర్రం. హుసేన్ గుర్రాలు లోకప్రసిద్ధం. ఆ గుర్రం ఎక్కడి నుంచి వచ్చింది? 1952లో చైనా వెళ్లినప్పుడు చూసిన తాంగ్ కాలపు మట్టి గుర్రాలు ఒక కారణం. దానికి ముందే, బాల్యంలో చూసిన ముహర్రం ఊరేగింపులోని దుల్‌దుల్ ఆయన మనసులో ఉన్నది. మన తెలుగు నేలపై పీర్ల పండుగ చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. కర్బలా వీరుని వాహనం రౌతు లేకుండా వీధిలో నడుస్తుంటే కులమతాల తేడా లేకుండా జనం కన్నీరు పెట్టడం మనమెరుగుదుము. సంపన్నుల అతిథి గదుల్లో వేలాడే ఆ గుర్రానికి మూలం పేదల వీధిలోని ఒక శోకయాత్ర అన్నది మరవరాదు.

కొంతకాలం ఆయన బరోడా మదర్సాలో చదివారు. అక్కడ ఖతాతీ, అంటే అందమైన అక్షరరచన, ముఖ్యంగా కూఫీ లిపి అభ్యసించారు. గీత మీద పట్టు ఆయనకు మొదట అక్షరం ద్వారానే వచ్చింది. మదర్సా అనగానే వెనుకబాటుతనాన్ని చూసేవారికి ఈ సంగతి చెప్పవలసి ఉన్నది. భారత ఆధునిక చిత్రకళలో అగ్రగణ్యుడైన ఒకరి చేతికి తొలి శిక్షణ మదర్సాలో ఖలం పట్టడమే.

1930లలో ఆయన బొంబాయి చేరుకుని సినిమా హోర్డింగులు గీసి పొట్టపోసుకున్నారు. నిచ్చెనలెక్కి, నిలువెత్తు బట్టపై తారల ముఖాలు గీయడం ఆ పని. అప్పటి నుంచే ఆయనకు సినిమా మీద మనసున్నది. అందువల్ల చిత్రకారుడు వృద్ధాప్యంలో సరదాకు సినిమా తీశాడన్న మాట సరికాదు. కుంచె పట్టిన తొలిరోజుల్లోనే సినిమా ఆయనకు అన్నం పెట్టింది. 1947లో ఎఫ్.ఎన్. సూజా, ఎస్.హెచ్. రజా, కె.హెచ్. ఆరా తదితరుల ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో చేరిన తర్వాత ఆయన పేరు దేశమంతటా వినిపించింది. 1954లో గీసిన 'గ్రామయాత్ర' 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో కోటి ముప్ఫై ఏడు లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ చిత్రంలో ఉన్నది ఏమిటి? తిరగలి తిప్పే స్త్రీ, ఎడ్లబండి, పిల్లలు, పొలం. హోర్డింగుల కూలీ గీసిన పల్లె అది.

ఇక చలనచిత్రాల సంగతి. 1967లో ఫిల్మ్స్ డివిజన్ కోసం ఆయన 'త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్' అనే లఘుచిత్రం తీశారు. రాజస్థాన్‌లో చిత్రీకరించిన ఈ చిత్రంలో కథ లేదు, సంభాషణలు లేవు. కోట గోడలు, పశువులు, మనుషులు కనిపిస్తారు. వారి మధ్యలో ఒక గొడుగు, ఒక లాంతరు, ఒక చెప్పు పదే పదే ఎదురవుతాయి. ఎడారిలో ఆ లాంతరు చూసినప్పుడు ఇందోరు తాత గుర్తుకు రాక మానడు. ఆ ఏడాది బెర్లిన్ చలనచిత్రోత్సవంలో లఘుచిత్రాల విభాగంలో దానికి గోల్డెన్ బేర్ పురస్కారం లభించింది. కాన్వాసు మీద నిలిచిపోయిన వస్తువులను కదిలించి చూడాలన్న కోరిక ఆ చిత్రానికి ప్రాణం.

ఇంచుమించు ఆ కాలంలోనే మన హైదరాబాదుతో ఆయన బంధం గట్టిపడింది. బొమ్మలు టాటా, బిర్లాల గదులకే పరిమితం కారాదు, రామాయణం గీసి జనంలోకి తీసుకుపొమ్మని రామ్ మనోహర్ లోహియా తనతో అన్నారని హుసేన్ చెప్పేవారు. లోహియా మరణించిన తర్వాత హైదరాబాదుకు చెందిన సోషలిస్టు, కళాభిమాని బద్రీవిశాల్ పిత్తీ అండతో ఆ పనికి పూనుకున్నారు. వాల్మీకిని, తులసీదాసును చదివించుకుని, పండితులతో చర్చించి, సుమారు 150 చిత్రాలు గీశారు. వాటిని హైదరాబాదు పరిసర గ్రామాలకు ఎడ్లబండిపై తీసుకువెళ్లి ప్రదర్శించారు. తన బొమ్మలకు అర్థమేమిటని పట్టణ మేధావులు అడిగారు గాని పల్లెజనం అడగలేదని ఆయన ముచ్చటగా చెప్పుకునేవారు. ఒక ముస్లిం గీసిన రామాయణాన్ని తెలుగు పల్లె అరుగు మీద కూర్చుని చూసిన దేశం ఇది. ఆ దేశమే కొన్ని దశాబ్దాలలో ఎట్లా మారిందో తరువాత చెబుతాము.

తర్వాతి కాలంలో ఆయన హైదరాబాదు బంజారాహిల్స్‌లో 'సినిమా ఘర్' పేరుతో ఒక చిత్రశాల నెలకొల్పారు. అందులో బొమ్మలతో పాటు సినిమాలు చూపే చిన్న మందిరం కూడా ఉండేది. చిత్రకళ, సినిమా రెండూ ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆయన ఆలోచన.

2000లో 'గజగామిని' వచ్చింది. అప్పటికి దర్శకుని వయసు 85. మాధురీ దీక్షిత్ అందులో పలు రూపాల్లో కనిపిస్తుంది. ఒకచోట బనారసులోని అంధయువతి సంగీత, ఒకచోట కాళిదాసు కాలపు శకుంతల, మరొకచోట లియొనార్డో డావిన్సీ ఎదుట మోనాలిసా, ఇంకొకచోట కొత్త శతాబ్దపు మోనిక. వీరందరి వెనుక తలపై మూట మోస్తూ నడిచే ఒక స్త్రీ ఉన్నది. కాలం మారుతుంది, వేషం మారుతుంది, నెత్తి మీది మూట దిగదు. ప్రేక్షకులకు ఈ సినిమా అర్థం కాలేదు, ఆడలేదు. ఇందులో స్త్రీ పురుషుని ఊహలోని ప్రేరణగానే మిగిలింది తప్ప తన నోటితో తన కష్టం చెప్పుకోలేదన్న విమర్శను మేము తోసిపుచ్చము. ఆ విమర్శలో న్యాయమున్నది. తల్లిని వెతికేవాడు ప్రతి స్త్రీలోనూ తన లోటునే చూస్తాడు. ఎదుట నిలిచిన స్త్రీ లోటు అతనికి కనబడకపోవచ్చు.

2004లో వచ్చిన 'మీనాక్షి: ఎ టేల్ ఆఫ్ త్రీ సిటీస్' ఆ విమర్శకు ఆయనే ఇచ్చుకున్న సమాధానంలా కనిపిస్తుంది. రచనలో కుమారుడు ఒవైస్ హుసేన్ పాలుపంచుకున్నారు. సంగీతం ఎ.ఆర్. రెహ్మాన్, ఛాయాగ్రహణం సంతోష్ శివన్. కథ మన హైదరాబాదులో మొదలవుతుంది. నవాబ్ అనే రచయిత కలం ముందుకు సాగక సతమతమవుతుంటాడు. రఘువీర్ యాదవ్ ఆ పాత్ర ధరించారు. అత్తరు అమ్మే మీనాక్షి ఆయనకు ఎదురవుతుంది. ఆ పాత్ర హైదరాబాదు బిడ్డ టబుది. రచయిత ఆమెను కథానాయికగా చేసి జైసల్మేరుకు, ప్రాగ్ నగరానికి తీసుకుపోతాడు. ఆమె మాత్రం ఊరుకోదు. నీ కథలో కొత్తదనం లేదు, ఈ పాత్రలో ప్రాణం లేదని రచయిత ముఖం మీదే చెబుతుంది. సృష్టించినవానిని సృష్టి నిలదీస్తుంది. ముఖం లేని స్త్రీలను అరవై ఏళ్లు గీసిన చేయి చివరకు ఒక స్త్రీకి ముఖమిచ్చింది, నోరూ ఇచ్చింది. ఆయన చిత్రకళను, సినిమాను కలిపి చూసినవారికి ఈ ప్రయాణమంతా ఒకే దారిగా కనిపిస్తుంది.

మనం ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్న దగ్గరికి వచ్చాము.

'మీనాక్షి'లో 'నూరున్ అలా' అనే ఖవ్వాలీ ఉన్నది. దాని రచన హుసేన్‌దే. సూరె నూర్‌లో అల్లాహ్ కాంతిని వర్ణించే పవిత్ర పదాలను ఒక స్త్రీ సౌందర్యాన్ని పొగడడానికి వాడారని ఆలిండియా ఉలమా కౌన్సిల్ అభ్యంతరం తెలిపింది. మరికొన్ని ముస్లిం సంస్థలు గొంతు కలిపాయి. ఆ పదాలు దైవ సౌందర్యాన్ని ఉద్దేశించినవేనని, ఎవరి మనసూ నొప్పించాలన్న తలంపు లేదని కుమారుడు వివరించారు. ఆ వివరణతో అలజడి తగ్గలేదు. విడుదలైన కొద్ది రోజుల్లోనే హుసేన్ సినిమాను థియేటర్ల నుంచి వెనక్కి తీసుకున్నారు.

ఈ సభలో ఉలమాలు ఉన్నారు. వారి పట్ల మాకు గౌరవమున్నది. ఖుర్ఆన్ పదాల పవిత్రత గురించి వారి ఆవేదనను తేలిక చేసే ఉద్దేశం మాకు లేదు. ప్రాణుల బొమ్మల విషయంలో వారి అభిప్రాయాలూ తెలుసు. ఇది ఫత్వాలు తేల్చే వేదిక కాదు. మా ప్రశ్న ఒక్కటే. మనసు నొచ్చినప్పుడు మన ముందు రెండు దారులుంటాయి. నొచ్చిందని చెప్పడం, రాయడం, వాదించడం, సినిమా చూడవద్దని మనవారిని కోరడం ఒకటి. ఆ సినిమాను ఎవరూ చూడరాదని పట్టుబట్టడం రెండవది. మొదటిది మన హక్కు. రెండవదాన్ని హక్కుగా అంగీకరిస్తే, అదే హక్కును ఇతరులకూ ఇచ్చినట్లవుతుంది.

ఇతరులు ఆ హక్కును హుసేన్ మీద ఎట్లా వాడుకున్నారో చూడండి. 1970లలో గీసిన దేవతల రేఖాచిత్రాలను 1996లో ఒక హిందీ మాసపత్రిక ప్రచురించి, ఆయన చిత్రకారుడా, కసాయివాడా అని అడిగింది. ఏళ్ల తరబడి ఎవరినీ నొప్పించని గీతలు ఒక్కసారిగా నేరమయ్యాయి. ఆ ఏడాది అహ్మదాబాదులో ఆయన చిత్రాలను ధ్వంసం చేశారు. 1998లో ముంబైలో ఆయన ఇంటిపై దాడి జరిగింది. 2006లో భారతమాత పేరుతో ప్రచారమైన చిత్రంపై దుమారం రేగినప్పుడు ఆయన క్షమాపణ చెప్పి ఆ చిత్రాన్ని వేలం నుంచి ఉపసంహరించారు. అయినా కేసులు, బెదిరింపులు ఆగలేదు. తొంభై ఏళ్లు దాటిన ఆయన దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ చిత్రాలు చూసి నిజంగా బాధపడిన హిందూ సోదరులు ఉన్నారు, ఆ బాధను మేము కాదనము. బాధ వేరు, దాడి వేరు.

ఇది గుర్తుంచుకోవలసిన వరుస. 2004లో మనవారి ఒత్తిడితో సినిమా ఆగింది. 2006లో పరాయివారి ఒత్తిడితో మనిషే దేశం దాటాడు. ఈ రెంటి తీవ్రత సమానమని మేము అనడం లేదు. ఒకదానిలో సినిమా ఆగింది, మరొకదానిలో ఇల్లు, వాకిలి, దేశం పోయాయి. అయితే రెండవదాన్ని ఖండించేటప్పుడు మన గొంతు ఎందుకు బలహీనంగా వినిపించింది? మొదటిదానిలో మనం మౌనంగా ఉన్నాము గనుక. మైనారిటీకి రాజ్యాంగం తప్ప వేరే అండ లేదు. సంఖ్యాబలం గలవారు వీధిలో తేల్చుకోగలరు. మనం కోర్టులో, చట్టసభలో, పత్రికలో మాత్రమే తేల్చుకోగలం. వీధి తీర్పును ఒక్కసారి మనం ఒప్పుకుంటే, తర్వాత నష్టపోయేది ఎప్పుడూ మనమే.

న్యాయస్థానం ఆయన పక్షాన నిలిచిందని కూడా చెప్పుకోవాలి. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ భారతమాత చిత్రానికి సంబంధించిన కేసులను కొట్టివేశారు. తొంభై ఏళ్ల చిత్రకారుడు తన ఇంట్లో తన కాన్వాసు ముందు ఉండవలసినవాడన్న భావన ఆ తీర్పులో ఉన్నది. ఆ ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. తీర్పు గెలిపించింది గాని భద్రతకు భరోసా ఇచ్చినవారు లేకపోయారు. 2010లో ఖతర్ ఇచ్చిన పౌరసత్వాన్ని ఆయన స్వీకరించారు. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు గనుక భారత పాస్‌పోర్టును అప్పగించవలసి వచ్చింది. 1986లో రాజ్యసభకు నామినేట్ అయిన వ్యక్తి, 1991లో పద్మవిభూషణ్ అందుకున్న వ్యక్తి ఆయన.

విదేశంలో ఆయన ఏమి గీశారు? అరబ్ నాగరికతపై గీశారు. దానితో పాటు భారత నాగరికతపై, భారతీయ సినిమాపై చిత్రమాలికలు తలపెట్టారు. పాస్‌పోర్టు మారినా ఆయన కుంచె దేశాన్ని వీడలేదు. 2011 జూన్ 9న లండన్‌లో మరణించారు. అక్కడికి సమీపంలోని బ్రూక్‌వుడ్ ఖబ్రస్థాన్‌లో ఖననం చేశారు. 2025లో దోహాలో ఆయన పేరిట 'లౌహ్ వ ఖలమ్' అనే మ్యూజియం వెలసింది. పలక, కలం అన్న ఆ మాటలు బరోడా మదర్సాను తలపిస్తాయి. హైదరాబాదులోని ఆయన చిత్రశాల తలుపులు మాత్రం మూతపడ్డాయి. తల్లి ముఖం తెలియని బిడ్డకు చివరకు తల్లి నేలలో ఆరడుగుల చోటు కూడా దొరకలేదు.

సోదర సోదరీమణులారా, కన్నీటితో ఈ మాట ముగించడం మా ఉద్దేశం కాదు. చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఇంట్లో. బొమ్మ గీసే పిల్లవానిని, ముఖ్యంగా ఆడపిల్లను, పనికిమాలిన పని అని కసరవద్దు. ఖతాతీతో మొదలు పెట్టించండి. మన పట్టణాల్లో బోర్డులు రాసి, సినిమా బొమ్మలు గీసి బతికిన చిత్రకారుల్లో మనవాళ్లు తక్కువేమీ కాదు. ఫ్లెక్సీలు వచ్చాక వారి చేతిలో పని పోయింది. వారు ఇంకా మన మధ్య ఉండగానే వారి చేత పిల్లలకు నేర్పించవచ్చు.

రెండవది, మన గ్రంథాలయాల్లో, సంఘ కార్యాలయాల్లో. హుసేన్ సినిమాలు చూసి చర్చించండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. 'నూరున్ అలా' పాట మీద ఉలమాలు, కవులు, స్త్రీలు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సభ జరగాలి. 2004లో జరగవలసిన సభ అది. ఇంకా ఆలస్యం కాలేదు.

మూడవది, మన హక్కుల సంస్థల్లో. ఒక పుస్తకం మీద, సినిమా మీద, బొమ్మ మీద అభ్యంతరం వచ్చినప్పుడు మన వైఖరి ఏమిటో ముందుగానే తీర్మానించుకోవాలి. విమర్శిస్తాము, వాదిస్తాము, కోర్టుకు వెళ్తాము. గొంతు నొక్కము, నొక్కనివ్వము. బాధితుడు మనవాడైనా, కాకపోయినా ఇదే మాట. అప్పుడే రేపు మనవాడి మీదికి గుంపు వచ్చిన రోజున మన మాటకు విలువ ఉంటుంది.

నాల్గవది, ఈ రాత్రికే చేయదగినది. ఇంటికి వెళ్లి మీ అమ్మీని, దాదీని, నానీని కూర్చోబెట్టి వారి కథ అడగండి. వారు ఒప్పుకుంటే ఫొటో తీయండి, ఇష్టపడకపోతే వారి మాటలు రాసి పెట్టండి. వారి గొడుగు, వారి లాంతరు, వారి పాన్‌దాన్ ఎక్కడున్నాయో వెతకండి. మన తర్వాతి తరం తన తల్లుల కోసం ఖాళీ ముఖాలు గీసుకోవలసిన అవసరం రాకూడదు.